అప్పు పుట్టుపూర్వోత్తరాలు అడిగే నిబంధన

కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి 1964లో వచ్చింది. అందులో 17వ నిబంధన అరపేజీ కూడా ఉండదు. రెండు వాక్యాలు, వాటి కింద ఒక గమనిక, అంతే. విషయం దివాలా, అలవాటుగా మారిన అప్పు. ఉద్యోగంలో చేరినవాళ్లలో చాలామంది దాన్ని చదవరు. చదవాల్సిన రోజు వచ్చేసరికి కోర్టు కాగితం ఆఫీసుకు చేరిపోయి ఉంటుంది. అప్పుల్లో మునిగిన మనిషికి రహస్య ఫైలు అప్పగించవచ్చా, సరుకు తనిఖీ చేసే సంతకం అతని చేతిలో ఉంచవచ్చా అన్న ప్రశ్నకు మన దేశంలో పునాది ఈ అరపేజీలోనే ఉంది. దాన్ని రాసినవాళ్ల పనితనం తెలియాలంటే భాగాలుగా విప్పి చూడాలి.

మొదటి వాక్యం ఉద్యోగి బాధ్యత చెబుతుంది: దివాలా తీసే స్థితికి గానీ, అప్పే అలవాటయ్యే స్థితికి గానీ పోకుండా సొంత వ్యవహారాలు నడుపుకోవాలి. ఇందులో అప్పు చేయకూడదన్న మాటే లేదు. ఇంటి కోసం బ్యాంకు లోను, పిల్లల చదువుకు లోను, పెళ్లికి పీఎఫ్‌లో అడ్వాన్సు ఇవేవీ ఈ వాక్యానికి తగలవు. జీతం మీద బతికే మనిషికి అప్పు తప్పదని ఒప్పుకుని, అక్కడి నుంచే నిబంధన మొదలవుతుంది. రెండో వాక్యం ఒక పని చేయమంటుంది: బాకీ వసూలుకో, దివాలాదారుగా ప్రకటించమనో ఉద్యోగి మీద ఎవరైనా చట్టపరమైన చర్య మొదలుపెడితే, అతను వెంటనే పూర్తి వివరాలు ప్రభుత్వానికి తెలియజేయాలి. కింద ఉన్న గమనిక రుజువు భారం ఎవరిదో తేలుస్తుంది. మామూలు జాగ్రత్తతో ఉన్నా ముందుగా ఊహించలేని పరిస్థితి వల్లనో, తన చేతిలో లేని పరిస్థితి వల్లనో అప్పు వచ్చిందని, అది దుబారా వల్లా దురలవాట్ల వల్లా వచ్చింది కాదని ఉద్యోగే నిరూపించుకోవాలి.

గమనికలోని అతుకులు చూడండి. ఊహించలేకపోవడం, చేతిలో లేకపోవడం: ఈ రెండింటిలో ఒకటి ఉంటే చాలు. దుబారా కాదన్నది మాత్రం ఆ రెండింటిలో దేనితోనైనా కలిసి రావాల్సిందే. పంట పోయి ఇంటివాళ్లను ఆదుకున్నానన్న మనిషి కథ మొదటి మెట్టు దాటుతుంది. అదే ఏడాది పేకాటలో పోగొట్టుకున్నది కూడా ఆ అప్పులో కలిసి ఉంటే రెండో మెట్టు దగ్గర ఆగిపోతుంది. ఎంత అప్పన్న ప్రశ్న నిబంధనలో ఎక్కడా లేదు. రూపాయల్లో గీత గీయకపోవడం వల్లే ఈ నిబంధన అరవై ఏళ్లు దాటినా పాతబడలేదు. 1964 నాటి వెయ్యికీ నేటి వెయ్యికీ పోలికే లేదు. అప్పు ఎలా పుట్టిందన్న ప్రశ్న మాత్రం అప్పుడెంత పదునో ఇప్పుడూ అంతే.

ఇది ఎలా పనిచేస్తుందో తెలియడానికి ఒక మనిషిని ఊహించుకుందాం. ఊరు కరీంనగర్. ఉద్యోగం కస్టమ్స్‌లో, పోస్టింగు సూరత్‌లో. కాపురం ఆల్థాన్‌లో ఒక అద్దె ఫ్లాటులో. భటార్, వేసు, భీమ్రాడ్‌ల పక్కన లేచిన కొత్త అపార్టుమెంట్ల పేట అది. సూరత్ తెలుగువాళ్లకు కొత్త కాదు. తెలంగాణ జిల్లాల పద్మశాలీలు మరమగ్గాల పనికి తరాలుగా ఈ నగరానికి వచ్చి స్థిరపడ్డారు. మన ఉద్యోగికి మాత్రం అప్పు సూరత్‌లో పుట్టలేదు, కరీంనగర్‌లో పుట్టింది. స్నేహితుడు చిట్టీ పాడుకుంటే షూరిటీ సంతకం పెట్టాడు. చిట్టీ కంపెనీలు గవర్నమెంటు ఉద్యోగి షూరిటీని ఎంత ఇష్టపడతాయో తెలుగునాట చెప్పనక్కర్లేదు. జీతం సర్టిఫికెట్ ఒక్కటి జత చేస్తే పని అయిపోతుంది. ఆరు నెలలకు స్నేహితుడు వాయిదాలు కట్టడం మానేశాడు.

ఇక్కడ ఉద్యోగికి వచ్చే మొదటి ఆలోచన, "అప్పు నాది కాదు కదా, ఆఫీసుకు చెప్పడం ఎందుకు" అని. చట్టం అలా చూడదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే మాట లేకపోతే, అసలు బాకీదారుకు ఎంత బాధ్యతో షూరిటీకీ అంతే. చిట్ ఫండ్స్ చట్టం, 1982 కింద కంపెనీ రిజిస్ట్రార్ ముందు వివాదం వేసిందంటే అది బాకీ వసూలు చర్యే. 17వ నిబంధనలోని రెండో వాక్యం ఆ రోజు నుంచే ఇతనికి వర్తిస్తుంది. జీతం జప్తు దాకా ఆగి, అప్పుడు చెబుతానంటే ఆలస్యమైనట్టే.

ఈ "వెంటనే" ఎందుకో మరమగ్గం దగ్గర నిలబడ్డవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. కొన్ని మగ్గాల మీద పడుగులోని ప్రతి పోగు మీదా ఒక సన్నని ఉక్కు రేకు వేలాడుతూ ఉంటుంది. పోగు బిగువుగా ఉన్నంతసేపూ రేకు పైనే ఉంటుంది. తెగిందంటే కిందికి జారి మగ్గాన్ని ఆపేస్తుంది. తప్పు నేతలో కలిసిపోకముందే మనిషి వచ్చి పోగు ముడివేస్తాడు. తెలియజేయమన్న వాక్యం చేసేదీ ఇదే. తెగిన పోగుకు అది శిక్ష వేయదు, నేత ముందుకు పోకుండా ఆపుతుంది. అప్పు రహస్యంగా ఉన్నంతకాలమే దాన్ని ఇంకొకరు వాడుకోగలరు. పై అధికారికి తెలిసిన అప్పుతో బెదిరించడం కష్టం.

తరవాత జరిగేది సివిల్ ప్రొసీజర్ కోడ్ పరిధిలోకి వస్తుంది. 60వ సెక్షన్ జీతంలో ఎంత జప్తు చేయవచ్చో చెబుతుంది. భరణం డిక్రీలను వేరుగా చూస్తుంది కాబట్టి వాటిని పక్కన పెడదాం. మామూలు డిక్రీకి మొదటి వెయ్యి రూపాయలూ, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులూ ముట్టుకోకూడదు. మినహాయింపు ఉన్న అలవెన్సులు పోను మన ఉద్యోగి జీతం 61,000 అనుకుంటే, వెయ్యి తీసేస్తే 60,000. అందులో 40,000 అతనివే. జప్తుకు దొరికేది నెలకు 20,000. ఈ కొలతలోనే ఒక మానవత్వం ఉంది, దాని తరవాతి ఏర్పాటు ఇంకా బాగుంటుంది. జప్తు మొత్తం 24 నెలలు సాగితే ఆ తరవాత 12 నెలలు ఆ భాగానికి విరామం. ఆ 24 నెలలూ ఒకే డిక్రీ కింద సాగి ఉంటే ఆ డిక్రీ మళ్లీ ఎప్పటికీ ఆ జీతం జోలికి రాలేదు. అప్పిచ్చినవాడి హక్కునూ, పొద్దున్నే ఆఫీసుకు వెళ్లాల్సినవాడి పొట్టనూ ఒకే లెక్కలో ఇమిడ్చిన ఈ సెక్షన్‌ను న్యాయ విద్యార్థులు పరీక్ష కోసం బట్టీ పడతారు. పెన్సిలుతో ఒకసారి లెక్క వేసి చూస్తే మరిచిపోలేరు.

జప్తు ఉత్తర్వు ఆఫీసుకు వచ్చాక 17వ నిబంధన రెండోసారి కదులుతుంది. ఈ నిబంధన కింద కేంద్రం ఇచ్చిన సూచనల ప్రకారం, ఆఫీసు పంపే నివేదిక నాలుగు విషయాలు చెప్పాలి. అప్పు జీతంలో ఎన్నో వంతు? ఆ అప్పు వల్ల అతని పనితీరు ఎంత దెబ్బతింటోంది? అతని పరిస్థితి ఇక కోలుకోలేనిదా? అతన్ని అదే పోస్టులో ఉంచడం మంచిదా, లేక అసలు ప్రభుత్వంలో ఏ పోస్టులోనైనా ఉంచడం మంచిదా?

ఈ నాలుగు ప్రశ్నల వరుస దగ్గర కాసేపు ఆగాలి. మొదటిది లెక్క. దానికి గుమాస్తా చాలు. రెండోదానికి అతన్ని రోజూ చూసే పై అధికారి కావాలి. మూడోది భవిష్యత్తు గురించి, దానికి ఉద్యోగి చెప్పే ప్రణాళిక వినాలి. నాలుగోది మాత్రమే నిర్ణయం, అది కూడా రెండు అరలుగా ఉంది. ముందు ఈ కుర్చీ గురించి అడిగి, ఆ తరవాత ఉద్యోగం గురించి అడుగుతుంది. అంటే అప్పులో ఉన్న మనిషిని విలువైన సరుకు తనిఖీ నుంచి తప్పించి, లెక్కల విభాగానికో లైబ్రరీకో మార్చే దారి ఆ సూచనల్లోనే ఉంది. అనుమానానికీ తొలగింపుకూ మధ్య ఇంత చోటు వదిలిన చేయి ఎవరిదో గానీ, జీతగాళ్ల బతుకు బాగా తెలిసిన చేయి అది.

మన ఉద్యోగి దగ్గరికి వద్దాం. అతను ఒక్క స్నేహితుడికి, ఒక్కసారి, తన జీతం తట్టుకోగల మొత్తానికి షూరిటీ పెట్టాడనుకోండి. స్నేహితుడి దుకాణం అగ్నిప్రమాదంలో పోయింది. మామూలు జాగ్రత్తతో ఊహించలేనిదే. ఇది అతని ఐదో షూరిటీ అనుకోండి, ముందు పెట్టిన నాలుగింటిలో రెండు అప్పటికే మునిగాయనుకోండి. అదే మొత్తం, అదే చిట్టీ కంపెనీ, అదే డిక్రీ. జవాబు మాత్రం మారిపోతుంది. మొహమాటానికి సంతకం పెట్టడం మనలో మంచితనంగా చలామణీ అవుతుంది. ఐదోసారికి అది జాగ్రత్త లేకపోవడమే అవుతుంది. గమనికలోని మొదటి మెట్టు పట్టుకునేది సరిగ్గా ఈ తేడానే.

17వ నిబంధన ఒంటరిగా నిలబడదు. దాని పక్కనే ఉన్న 16వ నిబంధన అప్పు ఎవరి దగ్గర పుట్టిందో అడుగుతుంది. బ్యాంకుతోనో పబ్లిక్ లిమిటెడ్ కంపెనీతోనో మామూలుగా జరిగే లావాదేవీలు పోను, తన అధికార పరిధిలో ఉన్నవాళ్ల దగ్గర గానీ, ఆఫీసు పని మీద తనతో వ్యవహారం పడే వీలున్నవాళ్ల దగ్గర గానీ ఉద్యోగి అప్పు తీసుకోకూడదు, ఇవ్వకూడదు. ఇంటివాళ్ల పేరు మీద కూడా కుదరదు. వడ్డీకి డబ్బు తిప్పడం అసలే కుదరదు. ఆల్థాన్‌లో ఉండే కస్టమ్స్ ఉద్యోగికి ఈ మాట ఎంత దగ్గరగా తగులుతుందో చూడండి. అక్కడికి దగ్గరలోనే ఖజోద్‌లో 2023 డిసెంబరులో ప్రారంభమైన డైమండ్ బోర్స్ ఉంది. నగరానికి దక్షిణాన సచిన్‌లో ప్రత్యేక ఆర్థిక మండలి ఉంది. వజ్రాల వ్యాపారి దగ్గర తీసుకున్న యాభై వేల చేబదులు, బ్యాంకు దగ్గర తీసుకున్న యాభై లక్షల ఇంటి లోను కన్నా ప్రమాదం. బ్యాంకుకు వాయిదా తప్ప ఇంకేదీ అక్కర్లేదు. వ్యాపారికి రేపు అక్కర్లేకపోయినా ఎల్లుండి ఒక సంతకం కావాల్సి రావచ్చు.

ఇంత గట్టి నిబంధనలో కూడా మినహాయింపులు రాసినవాళ్లకు ఇంటి సంగతులు గుర్తున్నాయి. చుట్టం దగ్గరో ప్రాణస్నేహితుడి దగ్గరో చిన్న మొత్తం, వడ్డీ లేకుండా, తాత్కాలికంగా తీసుకోవచ్చు. నమ్మకమైన దుకాణదారు దగ్గర ఖాతా పెట్టుకోవచ్చు. పనిమనిషికి జీతం ముందుగా ఇవ్వవచ్చు. కిరాణా కొట్టు ఖాతా పుస్తకాన్ని దేశ ప్రవర్తనా నియమావళి పేరు పెట్టి గుర్తుంచుకుందంటే నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. షేర్లలో జూదంలా తరచూ కొని అమ్మడం మాత్రం ఇదే నిబంధనలో నిషిద్ధం.

18వ నిబంధన ఆస్తుల వైపు చూస్తుంది. రెండు నెలల మూల వేతనం దాటిన చరాస్తి లావాదేవీ జరిగితే నెలలోగా తెలపాలి. అప్పు వైపు ఒక కిటికీ ఉంటే ఆస్తి వైపు ఇంకొకటి ఎందుకో అమెరికా గూఢచర్య చరిత్రలో ఒక కేసు కళ్లకు కట్టినట్టు చెబుతుంది. సీఐఏ అధికారి ఆల్డ్రిచ్ ఏమ్స్ 1985లో సోవియట్ వాళ్లకు రహస్యాలు అమ్మడం మొదలుపెట్టేనాటికి విడాకుల ఖర్చులతో, పెరిగిన ఖర్చులతో అప్పుల్లో ఉన్నాడు. 1994లో అరెస్టయ్యేనాటికి ఏటా 70 వేల డాలర్లలోపు జీతంతో 5 లక్షల 40 వేల డాలర్ల ఇల్లు నగదు ఇచ్చి కొన్నాడు. మొదట్లో లేమి, చివర్లో లెక్కకు రాని కలిమి. రెండు చివరల్లో ఏ ఒక్కదాన్ని సకాలంలో అడిగినా కథ అంత దూరం పోయేది కాదు.

మనకు దగ్గరగా, 2019 డిసెంబరులో విశాఖపట్నం నౌకాదళ గూఢచర్యం కేసులో ఆంధ్రప్రదేశ్ ఇంటెలిజెన్స్ విభాగం నౌకాదళ సిబ్బంది ఏడుగురిని అరెస్టు చేసింది. ఆ కేసు ఫేస్‌బుక్ పరిచయాలతో మొదలైంది, అప్పులతో కాదు. అయినా ఎన్‌ఐఏ దర్యాప్తు నడిచిన దారి డబ్బుదే. 2020లో గుజరాత్‌లోని గోధ్రాకు చెందిన ఒక వ్యక్తిని ఇదే కేసులో అరెస్టు చేసినప్పుడు, నౌకాదళ సిబ్బంది ఖాతాల్లో డబ్బు వేశాడన్నదే అభియోగం. రహస్యం ఏ దారిన బయటికి పోయినా, దాని ధర ఎక్కడో ఒక బ్యాంకు ఖాతాలో అచ్చవుతుంది.

అమెరికాలో ఇదే పనికి వేరే నిర్మాణం ఉంది. 2017 జూన్ 8 నుంచి అమలులో ఉన్న సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూసే అనుమతి) మార్గదర్శకాల్లో ఆరోది, ఎఫ్ అక్షరం కింద ఉన్నది, పూర్తిగా డబ్బు వ్యవహారాల గురించే. వర్జీనియా, మేరీల్యాండ్‌లలో పౌరసత్వం వచ్చాక ప్రభుత్వ కాంట్రాక్టు పనుల్లోకి మారే తెలుగువాళ్లు దీన్ని ఎస్ఎఫ్-86 ఫారం 26వ విభాగంలో ఎదుర్కొంటారు. గత ఏడేళ్లలో 120 రోజులు దాటి బాకీ పడ్డారా, వసూలు ఏజెన్సీకి వెళ్లిందా, కారు వెనక్కి తీసుకుపోయారా, పన్ను రిటర్ను మానేశారా అని విడివిడిగా అడుగుతారు.

గైడ్‌లైన్ ఎఫ్‌లో అనుమానం పుట్టించే పరిస్థితులు తొమ్మిది, దాన్ని తగ్గించే పరిస్థితులు ఏడు. కట్టలేకపోవడం ఒక అంశం, కట్టగలిగీ కట్టకపోవడం పక్కనే వేరే అంశం. జూదం కోసం చేసిన అప్పు ఒకటి, జూదంలో పోయింది దాచడం ఇంకొకటి. లెక్కకు రాని సంపద కూడా ఆ తొమ్మిదిలోనే ఉంది. తగ్గించే వాటిలో ముఖ్యమైనది, 17వ నిబంధన గమనికకు దూరపు చుట్టం లాంటిది. ఉద్యోగం పోవడం, వ్యాపారం దెబ్బతినడం, అనుకోని జబ్బు, చావు, విడాకులు, గుర్తింపు దొంగతనం వంటి చేతిలో లేని కారణాలను పేర్లు పెట్టి చెబుతుంది. అక్కడితో ఆగకుండా ఇంకో సగం జోడిస్తుంది: ఆ కష్టంలో మనిషి బాధ్యతగా నడుచుకున్నాడా? మన గమనిక కారణం దగ్గర ఆగుతుంది. తరవాతి నడవడిని మన నివేదికలోని మూడో ప్రశ్న అడుగుతుంది. అక్కడ రెండూ ఒకే వాక్యంలో కీలు వేసుకుని ఉన్నాయి. ఈ ఒక్క చోట వాళ్ల పనితనమే మేలని నాకనిపిస్తుంది. లేఆఫ్ అయిన ఇంజినీరు క్రెడిట్ కార్డు కంపెనీకి తానే ఫోన్ చేసి, నెలకు వంద డాలర్ల ఒప్పందం రాయించుకుని, రసీదులు దాచుకుంటే ఆ కీలు తెరుచుకుంటుంది. అదే లేఆఫ్, అదే బాకీ, కానీ వచ్చిన ఉత్తరాలన్నీ విప్పకుండా సొరుగులో పడేసినవాడికి తెరుచుకోదు.

అమెరికా రక్షణ శాఖ కాంట్రాక్టు ఉద్యోగుల క్లియరెన్స్ మీద వివాదం వస్తే, అభియోగాల పత్రంలో ఒక్కో బాకీకి ఒక్కో అక్షరం పెట్టి పంపుతారు. 20 రోజుల్లో ఒక్కోదానికీ ఒప్పుకుంటున్నాననో కాదనో జవాబు రాయాలి. కాదన్న వాటిని ప్రభుత్వమే నిరూపించాలి. ఆ తరవాతే, తగ్గించే పరిస్థితులు చూపించే భారం ఉద్యోగి మీదికి వస్తుంది. మన దగ్గర కారణం నిరూపించే భారం మొత్తం ఉద్యోగిదే. కఠినమే గానీ అర్థం లేనిది కాదు. ఆస్పత్రి బిల్లు, షూరిటీ పత్రం, తండ్రి పేరున ఉన్న ప్రామిసరీ నోటు ఉద్యోగి ఇంట్లో ఉంటాయి, ఆఫీసు బీరువాలో ఉండవు. అక్కడి అప్పీలు బోర్డు పదే పదే చెప్పే మాట ఒకటుంది: ఇది బాకీలు వసూలు చేసే విచారణ కాదు, మనిషి వివేకాన్ని, నమ్మకాన్ని తూచే విచారణ. అందుకే ప్రతి పైసా తీరే దాకా ఆగనక్కర్లేదు. నమ్మదగిన ప్రణాళిక ఉండి, దాని ప్రకారం నడుస్తున్న జాడ ఉంటే చాలు.

ఈ వివేచన చూశాక, ఇటీవల మన దగ్గర బ్యాంకు నియామకాల్లో వచ్చిన సిబిల్ షరతు మొరటుగా కనిపిస్తుంది. లోన్లు, కార్డు బాకీలు ఎగ్గొట్టిన రికార్డు ఉంటే అర్హత లేదన్న షరతు కింద స్టేట్ బ్యాంకు ఒక నియామకాన్ని రద్దు చేస్తే, అది సబబేనని 2025లో మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పింది. ప్రకటనలో షరతు ముందే రాసి ఉంది, ప్రజల డబ్బు చూసే ఉద్యోగం. తీర్పులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నా బాధంతా షరతు తయారీ గురించే. స్కోరు ఎంత ఆలస్యమైందో లెక్కపెట్టగలదు, ఎందుకు ఆలస్యమైందో అడగలేదు. తల్లి డయాలసిస్‌కు కార్డు గీకినవాడూ, ఆన్‌లైన్ పందేలకు గీకినవాడూ దాని కంటికి ఒకే అంకె. 1964లోనే కారణం అడగడం తెలిసిన ప్రభుత్వ యంత్రాంగానికి, నియామకం గుమ్మం దగ్గర కూడా ఒక ప్రశ్న, ఒక జవాబు కాగితం పెట్టడం కష్టం కాదు.

ఇంకొకటి కూడా కావాలి. అమెరికాలో ఆ క్లియరెన్స్ విచారణల తీర్పులు ఉద్యోగి పేరు తీసేసి అందరూ చదువుకునేలా ప్రచురిస్తారు. చివరి పేజీలో ఒక్కో బాకీ అక్షరం ఎదురుగా ఉద్యోగికి అనుకూలమా ప్రతికూలమా అని విడివిడిగా తేలుస్తారు. రెండు వందల డాలర్ల ఆస్పత్రి బాకీకి కూడా దాని వరస దానికి ఉంటుంది. మన శాఖల్లో 17వ నిబంధన నివేదికలు ఫైళ్లలోనే ఉండిపోతాయి, ట్రిబ్యునల్ దాకా పోయినవే బయటికొస్తాయి. పేర్లు తీసేసి వాటినీ ప్రచురిస్తే, ఆల్థాన్‌లోనో అనకాపల్లిలోనో షూరిటీ నోటీసు అందుకున్న ఉద్యోగికి, శాఖకు రాయాల్సిన ఉత్తరంలో ఏమేం ఉండాలో తెలుస్తుంది: వివాదం నంబరు, సంతకం పెట్టిన తేదీ, అసలు బాకీదారు కట్టింది ఎంత, తాను నెలకు ఎంత కట్టగలడు, ఇంకా ఎవరెవరికి షూరిటీ ఉన్నాడు.